నలుగురు చేరితే బొంత

పాత నూలు చీరలను పొరలుగా పరిచి, పై పొర నుంచి అడుగు పొర దాకా సూది దిగేలా దగ్గరదగ్గరగా కుట్లు వేసి తయారుచేసే మందపాటి దుప్పటిని తెలుగు ఇళ్లలో బొంత అంటారు. పొరల నడుమ ఏకిన దూదిని నింపి కుట్టిన దానికి హైదరాబాద్ ప్రాంతంలో రజాయి అనే పేరు స్థిరపడింది. ఇతర దేశాలలో క్విల్టింగ్ అనే పేరుతో లక్షలాది మంది అభిరుచిగా చేపట్టిన పని మౌలికంగా ఇదే. అయితే దీనిని ఒంటరిగా చేసే కాలక్షేపంగా చూసేవారు ఒక సంగతిని గమనించరు. ముడత పడకుండా గుడ్డను నాలుగు మూలలా లాగి పట్టడానికి ఒక మనిషికున్న రెండు చేతులు చాలవు కనుక, ఈ పనికి తోడు అవసరమవుతుంది. స్నేహితులతో కలిసి చేసుకోగల వినోదాలన్నీ ఆ అవసరం నుంచే పుట్టుకొస్తాయి.

హైదరాబాద్‌కు దక్షిణాన, ఆరాంఘర్ చౌరస్తాకు దగ్గరలో ఉన్న కాటేదాన్ పారిశ్రామికవాడను ఈ కోణంలో పరిశీలించడం ఆసక్తికరంగా ఉంటుంది. చిన్న పరిశ్రమలు, గోదాములు నిండిన ఈ ప్రాంతానికి తెలంగాణ జిల్లాల నుంచే కాక బీహార్, ఉత్తరప్రదేశ్, ఒడిశా వంటి రాష్ట్రాల నుంచి కూడా కార్మిక కుటుంబాలు వచ్చి స్థిరపడ్డాయి. ఆ ప్రాంతాలన్నింటికీ పాత గుడ్డను మళ్లీ కుట్టి వాడుకునే సంప్రదాయం ఉంది. ఉత్తరాదిన కథరి అని, బెంగాల్ ఒడిశాలలో కాంథా అని, మహారాష్ట్రలో గోధడి అని, కర్ణాటకలో కౌది అని పిలిచేవన్నీ బొంతకు తోబుట్టువులే. బీహార్‌లోని సుజనికి భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. అందులో పాత చీరల పొరలపై ఊరి బతుకును, ఆడవారి కష్టసుఖాలను దారంతో బొమ్మలుగా కుడతారు. ఒకే వీధిలో ఉన్న ఇరుగుపొరుగు ఆడవారు తమ పుట్టింటి కుట్టును ఒకరికొకరు చూపించుకునే మధ్యాహ్నం ఏర్పడితే, ఏ శిక్షణ తరగతీ ఇవ్వలేని పాఠం అక్కడ దొరుకుతుంది. భాష పూర్తిగా కలవకపోయినా సూది నడకను చూసి నేర్చుకోవచ్చు.

పనిలో మొదటి అంచె గుడ్డ సేకరణ. బట్టలు కుట్టే దుకాణాలలో మిగిలే కత్తిరింపు ముక్కలు, చిరిగిన చీరల గట్టి భాగాలు, పిల్లలకు పొట్టివైపోయిన చొక్కాలు అందరూ తెచ్చి ఒక చాపపై కుప్ప పోసి, రంగును బట్టి, నేతను బట్టి విడదీసుకోవడం స్వయంగా ఒక ఆట. కళ్లు మూసుకుని సంచిలో చెయ్యి పెట్టి, వచ్చిన ముక్కను ఎంత నచ్చకపోయినా తన గడిలో వాడి తీరాలనే నియమం పెట్టుకునే బృందాలు ఊహించని రంగుల కలయికలను సాధిస్తాయి. ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పుకోవాలి: పరిశ్రమల నుంచి వచ్చిన గుడ్డకు రసాయనాలు అంటి ఉండే అవకాశం ఉన్నందున, ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని సరుకును పక్కన పెట్టడం, తెలిసిన దానిని కూడా బాగా ఉతికి ఎండబెట్టాకే వాడడం మంచిది. సింథటిక్ చీరలు సూది కింద జారిపోతాయి కనుక మెత్తబడిన నూలు చీరే మేలు.

రెండో అంచె గుడ్డ పరవడం. సుమారు అయిదున్నర మీటర్ల చీరను మూడు మడతలు వేస్తే 1.8 మీటర్ల పొడవు, మీటరుకు కొంచెం పైగా వెడల్పు గల మూడు పొరలు ఏర్పడతాయి. అది ఒక మనిషి పడుకునే కొలత. అద్దె గదులలో అంత నేల ఖాళీగా దొరకడం కష్టం కనుక, ఎండ తగ్గాక డాబాపైకి చేరడం సహజమైన పరిష్కారం. పొరలు కదలకుండా ముందుగా పెద్దపెద్ద టాకాలు, అంటే తర్వాత విప్పేసే తాత్కాలిక కుట్లు వేసి, ఆపైన నలుగురు నాలుగు వైపులా కూర్చుని వరుసలు మొదలుపెడతారు. ఉత్తర కన్నడ జిల్లాలో నివసించే, ఆఫ్రికా మూలాలున్న సిద్దీ స్త్రీలు మాత్రం కవంది అనే తమ బొంతను అంచు నుంచి మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ నడిమికి చేరుకుంటారు. చివర నాలుగు మూలలా మడిచిన చిన్న గుడ్డముక్కలను పువ్వుల్లా అతికిస్తారు. రెండు పద్ధతులలోనూ ఒక్కొక్క చిన్న బొంత కుట్టి పోల్చి చూసుకోవడం అభిరుచి ముదిరిన బృందాలకు మంచి పని. చేతులు కదులుతున్నంత సేపూ నోటికి పని ఉండదు కనుక పాట, పొడుపుకథ, ఊళ్లో వార్త అన్నీ అక్కడికే వస్తాయి; ఎవరి కుట్టు సన్నంగా ఉందో తేల్చే పోటీలు పెట్టడం మాత్రం ఈ కూటమికి అంతగా నప్పదు, ఎందుకంటే వేర్వేరు చేతుల కుట్లు వేర్వేరుగా కనబడడమే ఉమ్మడి బొంతకు అందం.

అమెరికాలో ఇలాంటి కూటములకు క్విల్టింగ్ బీ అని పేరు. పగలంతా కుట్టి, సాయంత్రం కలిసి భోజనం చేయడం అక్కడి పాత ఆచారం. 1840ల నాటికి అక్కడ స్నేహ బొంతలు వాడుకలోకి వచ్చాయి: ఒక్కొక్కరు ఒక్కొక్క గడి కుట్టి దానిపై తమ పేరు సిరాతోనో దారంతోనో వేసి, ఊరు విడిచి దూరం వెళ్లే స్నేహితురాలికి అందరూ కలిపి ఇచ్చేవారు. అలబామా రాష్ట్రంలో నల్లజాతి స్త్రీలు 1966లో ఫ్రీడమ్ క్విల్టింగ్ బీ అనే సహకార సంఘాన్ని స్థాపించి ఈ పనిని జీవనాధారంగా మార్చుకున్నారు. 1987 అక్టోబరులో వాషింగ్టన్‌లో పరిచిన ఎయిడ్స్ స్మారక బొంతలో 1,920 పలకలు ఉండగా, ఒక్కొక్క పలక మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడవుతో, చనిపోయినవారి ఆప్తులు కుట్టి పంపినది.

స్నేహ బొంత అనే ఆలోచన కాటేదాన్ పరిసరాలకు బాగా సరిపోతుంది. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం ప్రారంభమైనప్పటి నుంచి, విదేశాలలో ఉన్న కూతుళ్ల పురుళ్లకు వెళ్లే తల్లులు ఈ దారినే వెళ్లి విమానం ఎక్కుతున్నారు; పసిబిడ్డను మెత్తని పాత చీర బొంతపై పడుకోబెట్టడం మనకు అలవాటే కనుక, స్నేహితురాళ్లందరూ తలొక గడి కుట్టి ఇచ్చిన చంటిబిడ్డ బొంత పెట్టెలో తేలికగా ఇమిడే కానుక అవుతుంది.

కుట్టు లేని రోజున తిరగడానికి చోట్లు కూడా దగ్గరలోనే ఉన్నాయి. రాజేంద్రనగర్‌లోని జాతీయ గ్రామీణాభివృద్ధి సంస్థ ఆవరణలో 1999లో ఏర్పడిన రూరల్ టెక్నాలజీ పార్కు చేతిపనులను, ఇంటిపట్టున చేసుకోగల ఉపాధులను పరిచయం చేస్తుంది. దోమలగూడలోని జగదీశ్, కమలా మిట్టల్ భారతీయ కళా మ్యూజియంలో పాత వస్త్రాల సేకరణ ఉంది. ఇంకొంచెం దూరం వెళ్లగలిగితే, 2021లో ప్రపంచ పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామంగా గుర్తించిన భూదాన్ పోచంపల్లిలో, నేయకముందే నూలుకు ముడులు వేసి రంగులద్దే ఇక్కత్ పనిని చూడవచ్చు.

చివరికి మిగిలే చిక్కు ఒకటే: అందరూ కుట్టిన బొంత ఎవరికి చెందాలి? నెలనెలా డబ్బు చిట్టీలు నడిపే ఆడవారికి దీని జవాబు ఇదివరకే తెలుసు. పదిమంది చేరి, చీటీ తీసి, నెలకొకరి బొంత చొప్పున పది నెలలు అందరూ కలిసి కుడితే ఎవరికీ లోటు ఉండదు. డబ్బు చిట్టీలో మొదటి పాట నడిపే మనిషిదే కావడం వాడుక; బొంత చిట్టీలో మాత్రం తమది కుట్టించుకుని మొహం చాటేసే వారుండవచ్చు కాబట్టి, నడిపే ఆవిడ ఆఖరి నెలను తనకు ఉంచుకుంటే పని చివరిదాకా సాగుతుంది.