నొప్పి లేని ప్రమాదం

భూపాలపల్లిలో బొగ్గుబావి పనికి పోయే కుర్రవాడికో, కాలేజీ అమ్మాయికో ఒకనాడు కంటి మూల మెరుపులు మెరుస్తాయి. నల్లని నలుసులు తేలతాయి. పక్కనుంచి తెర దించినట్లు చీకటి కమ్ముకొస్తుంది. నొప్పి మాత్రం ఉండదు. చిక్కంతా అక్కడే! నొప్పి లేనిదానికి డాక్టరెందుకని చుక్కల మందు వేసుకొని కూర్చుంటారు. దానితో ఇది తగ్గదు. రెండో కన్ను బాగుంటే చూపు పోతున్న సంగతే తెలియదు. ఒక్కొక్క కన్నూ మూసి చూసుకుంటే బయటపడుతుంది.

కంటి వెనుక గోడకు అతుక్కొని ఉండే పల్చని పొర రెటీనా. అది చిరిగితే, కంటిలోని ద్రవం చిరుగులోంచి వెనక్కు చేరి పొరను ఊడదీస్తుంది. ముసలివారి జబ్బేగదా అనుకోకండి. దూరపుచూపు ఆనక మందపు అద్దాలు పెట్టుకున్నవారి కన్ను పొడుగు సాగి, పొర పల్చబడి ఉంటుంది. బంతి దెబ్బ తగిలినా ప్రమాదమే.

పూర్వం దీనికి మందు లేదనేవారు. రోగిని వారాల తరబడి కదలకుండా పడుకోబెట్టేవారు, పాపం! 1920 ప్రాంతాల స్విట్జర్లాండులో జూల్స్ గోనిన్ అనే వైద్యుడు చిరుగు మూస్తే పొర అతుక్కుంటుందని చేసి చూపాడు. నేటికీ సూత్రం అదే. చిరుగు మాత్రమే ఉంటే లేజరు చాలు. పొర ఊడితే శస్త్రచికిత్స; పడుచువారికి తరచు కంటి వెలుపల సిలికోను పట్టీ కుడతారు. లోపల వాయువు నింపితే, అది కరిగేదాకా విమానం ఎక్కరాదు.

పొర నడిమిభాగం ఊడకముందే వెడితే చూపు చాలావరకు దక్కుతుంది. తరువాతైతే నెలలమీద కొంతే రావచ్చు. వరంగల్లులో ప్రాంతీయ నేత్రవైద్యశాల ఉంది. మెరుపులు కనిపించిన రోజే బయలుదేరండి. కనుపాప విప్పారే చుక్కలు వేస్తారు గనుక, తోడుగా ఒకరిని తీసుకువెళ్ళండి.