మందుతోపాటు మనోధైర్యం

బాల్యంలో వచ్చే క్యాన్సర్లలో రక్తానికి సంబంధించిన లుకేమియా ప్రధానమైనది. ఒకప్పుడు ఈ వ్యాధి వచ్చిన పసివారు కొన్ని నెలలకు మించి జీవించడం అరుదు. 1947 చివరిలో అమెరికాలోని బోస్టన్ నగరంలో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ అమినోప్టెరిన్ అనే ఔషధాన్ని ఇట్టి పిల్లలకు ఇవ్వగా, కొందరిలో వ్యాధి తాత్కాలికంగా తగ్గుముఖం పట్టింది. ఆ ఔషధాన్ని రూపొందించినది భీమవరంలో జన్మించిన డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు బృందం. తెలుగువారికి ఈ సంగతి కొంత తెలిసినదే. అంతగా తెలియనిది మరొకటి ఉన్నది. మందు ఇవ్వడంతో తన బాధ్యత తీరిందని ఫార్బర్ భావించలేదు. చికిత్స, పోషకాహార సూచనలు, కుటుంబానికి సలహా, సాంఘిక సహాయం ఒకే కప్పు క్రింద లభించాలన్నాడు. దానిని ‘సమగ్ర సంరక్షణ’ అన్నాడు.

నేడు లుకేమియా చికిత్స సాధారణంగా రెండు, మూడు సంవత్సరాలు సాగుతుంది. తల్లి బిడ్డతో ఆసుపత్రిలో ఉంటుంది. తండ్రి పని మానుకొని అప్పులకు తిరుగుతాడు. రెండవ బిడ్డ అమ్మమ్మగారి ఇంట ఉంటాడు. ‘నేను తిట్టినందువల్లనే చెల్లికి జబ్బు చేసింది’ అని ఆ పసివాడు లోలోపల కుమిలిపోవడమూ కద్దు. ఆ మాట వినేవారెవరు? వైద్యునికి తీరిక ఉండదు, తల్లిదండ్రులకు ఓపిక ఉండదు. అందుకే సలహాదారులు, సాంఘిక కార్యకర్తలు అవసరమయ్యారు. వారు బిడ్డకు వయసుకు తగిన మాటలలో నిజం చెబుతారు. వెన్నులో సూది గుచ్చేవేళ ఆటలలో పెట్టి భయం తగ్గిస్తారు. ఇది ఎవరి తప్పూ కాదని, అంటుకొనే జబ్బు కాదని ఇంటిల్లిపాదికీ, అవసరమైతే బడికీ తెలియజేస్తారు.

ఈ అండ లోపిస్తే కలిగే నష్టం చిన్నది కాదు. బిడ్డ కాస్త తేరుకొని ఆడుకోగానే నయమైందని భ్రమించి, లేదా నగరంలో తల దాచుకొనే చోటు లేక, చికిత్స మధ్యలో మాని ఊరికి మళ్ళే కుటుంబాలు మనదేశంలో ఉన్నాయి. కంటికి కనిపించని వ్యాధి కణాలు మిగిలే ఉంటాయి గనుక జబ్బు తిరగబెడుతుంది. 2006లో ముంబయిలో ప్రారంభమై హైదరాబాదుకూ విస్తరించిన సెయింట్ జూడ్ ఇండియా కేంద్రాలు ఇట్టి కుటుంబాలకు ఉచితంగా బస కల్పిస్తున్నాయి. పైకి ఇది వసతి మాత్రమే. కాని ఒకే కష్టంలో ఉన్న తల్లులు ఒకే వంటగదిలో కలుసుకోవడం వల్ల కలిగే ఊరట మరెక్కడా దొరికేది కాదు.

ఇట్టి తోడ్పాటు ఎంతకాలం నిలుస్తుంది? 2005లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో, పిల్లలకు కొత్తగా క్యాన్సర్ బయటపడిన తల్లులు 430 మంది పాల్గొన్నారు. వారిలో కొందరికి ఎనిమిది పర్యాయాలు శిక్షణ ఇచ్చారు. నేర్పినది గహనమైన శాస్త్రమేమీ కాదు. సమస్యను గుర్తించడం, మార్గాలు ఆలోచించడం, ఒకటి ఎంచుకొని ఆచరించడం, ఫలితం చూచుకోవడం, అంతే. శిక్షణ పొందినవారిలో దిగులు తగ్గింది. మూడు నెలల తరువాత కూడా ఆ మేలు కొంత నిలిచే ఉన్నది. ఇంగ్లీషు మాట్లాడే తల్లులకంటె స్పానిష్ మాట్లాడే తల్లులకు అది ఎక్కువ ఉపకరించింది.

చికిత్స ముగిసినా భయం త్వరగా విడువదు. ఏళ్ళు గడిచాక బిడ్డ ఒళ్ళు కాస్త వెచ్చబడినా తల్లిదండ్రుల గుండె ఝల్లుమంటుంది. కోలుకొన్న పిల్లలకంటె తల్లిదండ్రులలోనే ఈ వేదన అధికమని పరిశోధకులు గమనించారు. తొలి నెలలలో నేర్చిన పద్ధతి అప్పుడు అక్కరకు రాగలదు: జ్వరం ఎంత ఉన్నదో చూడడం, ఏ వైద్యునికి చెప్పాలో నిర్ణయించుకోవడం, తగ్గిన మరునాడు బిడ్డను తిరిగి బడికి పంపడం.