బ్యాటరీ మార్చే ముందు ఎర్త్ వైరు చూడండి

సింగ్‌నగర్ నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు కారుకు తాడు కట్టించి మా షెడ్డుకు లాక్కొచ్చారు. "కొత్త బ్యాటరీ వేయించి వారం కాలేదు నాయనా, మళ్లీ మొరాయించింది. ఇప్పుడేమో సెల్ఫ్ మోటారు మార్చాలంటున్నారు" అన్నారు. పెన్షన్ మీద బతికే మనిషి. ఆ మాట విని నాకు కడుపు మండింది.

విజయవాడ ఆటోనగర్‌లో ఇరవై ఎనిమిదేళ్లుగా పని చేస్తున్నాను. బానెట్ ఎత్తకముందే చెవి పెట్టడం నా అలవాటు. "హెడ్‌లైట్లు వేసి ఒక్కసారి తాళం తిప్పండి మాస్టారూ" అన్నాను. ఇంజను రెండు మూలుగులు మూలిగి ఆగిపోయింది. లైట్లు మాత్రం పెద్దగా మసకబారలేదు.

సెల్ఫ్ హుషారుగా తిరుగుతున్నా బండి అందుకోకపోతే పెట్రోలో, స్పార్కో అందడం లేదని అనుమానించాలి. తాళం ఆన్‌లో పెట్టగానే చాలా పెట్రోలు కార్లలో వెనక సీటు కింద పంపు రెండు సెకన్లు సన్నగా జుమ్మంటుంది. అది వినబడకపోతే వెతుకులాట అక్కణ్ణించే మొదలు. సెల్ఫ్ 'టక్' మని ఊరుకున్నా, ఇలా మూలిగినా మాత్రం ముందు కరెంటు దారి చూడాలి. అదేపనిగా సెల్ఫ్ కొట్టకండి, మోటారు వేడెక్కి కాలిపోతుంది.

మీటరు పెట్టాను. బ్యాటరీ 12.6 వోల్టులు, నిండుగా ఉంది. సెల్ఫ్ కొట్టినప్పుడు 11.2 దగ్గర నిలిచింది. 9.6 కంటే కిందికి జారితే బ్యాటరీ తప్పనుకోవచ్చు. ఇది జారలేదు. మీటరు ఒక కొస బ్యాటరీ మైనస్ మీద, రెండోది ఇంజను లోహం మీద ఉంచి మళ్లీ తిప్పమన్నాను. అర వోల్టు కూడా చూపించకూడని చోట 2.8 చూపించింది!

సెల్ఫ్ మోటారు వంద ఆంపియర్లకు పైగా లాగుతుంది. బ్యాటరీ ప్లస్ నుంచి లావు కేబుల్లో వెళ్లిన ఆ కరెంటు ఇంజను లోహంలోంచి ఎర్త్ వైరు మీదుగా తిరిగి రావాలి. ఆ దారి మూసుకుపోతే ఎంత కొత్త బ్యాటరీ అయినా ఏం చేస్తుంది? జంపర్ కేబుల్‌తో బ్యాటరీ మైనస్‌ను నేరుగా ఇంజనుకు కలిపాను. తాళం తిప్పగానే బండి ఒక్క ఊపున అందుకుంది. మాస్టారు గట్టిగా ఊపిరి వదిలారు.

కిందికి దూరి చూస్తే ఇంజనుకూ బాడీకీ మధ్య ఎర్త్ వైరు పచ్చగా చిలుము పట్టి, సగం పోగులు తెగి ఉంది. 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో ఆ కారు చక్రాలు మునిగేదాకా నీళ్లలో నిలబడిందట. అప్పుడు తడిసిన బళ్లు ఇలాంటి జబ్బుతో ఇప్పటికీ నా దగ్గరికి వస్తూనే ఉన్నాయి. బోల్టు చోటు గరుకు కాగితంతో రుద్ది కొత్త వైరు బిగించాను. సెల్ఫ్ మోటారు ముట్టుకోలేదు.

కొలవకుండా పార్టు మార్చడం మా పనికే మచ్చ. ఎవరైనా ఫలానాది మార్చాలంటే మొహమాటపడకుండా అడగండి: "మీటరు పెట్టి చూశారా? ఎంత చూపించింది?"