రోజూ మనుషులొస్తేనే మైదానం!
బేస్‌బాల్ అండతో నిలిచిన ఇంచియాన్ ‘మున్‌హాక్’ క్రీడా ప్రాంగణం
2028 తర్వాత పరిస్థితి ఏమిటన్నదే ఇప్పుడు ప్రశ్న

2002 జూన్ 14. దక్షిణ కొరియాలోని రేవు పట్టణం ఇంచియాన్. ప్రపంచకప్ ఫుట్‌బాల్ పోటీల్లో ఆతిథ్య జట్టు పోర్చుగల్‌తో తలపడుతోంది. రెండో అర్ధభాగంలో పార్క్ జీ సంగ్ బంతిని ఛాతీతో ఆపి, కుడికాలితో ఒడుపుగా మళ్లించి, ఎడమకాలితో గోల్‌లోకి పంపాడు. 1-0 తేడాతో గెలిచిన కొరియా ప్రపంచకప్‌లో తొలిసారి రెండో దశకు చేరింది. అంతకు మూడు రోజుల ముందు ఇదే మైదానంలో అప్పటి విజేత ఫ్రాన్స్ 0-2తో డెన్మార్క్ చేతిలో ఓడింది. టోర్నీలో ఒక్క గోలైనా చేయకుండానే ఇంటిదారి పట్టింది. ఈ చరిత్రకు వేదికైన మున్‌హాక్ స్టేడియానికి ప్రపంచకప్‌లో దక్కినవి మూడంటే మూడు మ్యాచ్‌లు. సుమారు 50 వేల సీట్లతో కట్టిన ఆ స్టేడియం ఆ తర్వాతి కాలమంతా ఎలా నెట్టుకొచ్చిందన్నది అంతకన్నా ఆసక్తికరమైన విషయం.

ఇంచియాన్ రాజధాని సియోల్‌కు పశ్చిమాన, పసుపు సముద్ర తీరాన ఉంది. జనాభా సుమారు 30 లక్షలు. దేశానికి ప్రధాన అంతర్జాతీయ విమానాశ్రయం కూడా ఈ నగర పరిధిలోనే ఉంది. నగర మధ్యంలో మున్‌హాక్ అనే కొండ, దానిపై పాతకాలపు కోట ఆనవాళ్లు ఉన్నాయి. ప్రాంగణానికి ఈ కొండ పేరే పెట్టారు. కొరియా భాషలో ‘మున్‌హాక్’ అంటే సాహిత్యమనే అర్థం కూడా ఉంది. అయితే కొండ పేరులోని ‘హాక్’కు కొంగ జాతి పక్షి అని అర్థం. పలకడానికి రెండూ ఒకటే కావడంతో కొత్తవారు ఆటల మైదానానికి సాహిత్యం పేరేమిటని తికమకపడతారు. ఓడరేవు నగరమని తెలిసేలా స్టేడియం పైకప్పును తెరచాపల రూపంలో తీర్చారు. పక్కనే మెట్రో స్టేషన్ ఉంది. స్టేషన్ 1999లోనే వచ్చింది. స్టేడియం 2002లో ప్రారంభమైంది. ముందు దారి, తర్వాత కట్టడం! మన దగ్గర ఊరికి దూరంగా స్టేడియం కట్టి, ఆనక బస్సు కోసం అర్జీలు పెట్టుకోవడం అలవాటైన వారికి ఈ వరుస కొత్తగా తోచవచ్చు.

ఖాళీ సీట్ల మధ్య ఫుట్‌బాల్
ప్రపంచకప్ ముగిశాక నగరానికి సొంత ఫుట్‌బాల్ జట్టు ‘ఇంచియాన్ యునైటెడ్’ ఏర్పడి, 2004 నుంచి మున్‌హాక్‌లో ఆడింది. 2005లో లీగ్‌లో రన్నరప్‌గానూ నిలిచింది. అదే ఏడాది సెప్టెంబరులో ఇక్కడ జరిగిన ఆసియా అథ్లెటిక్స్ పోటీల్లో మన దేశానికి చెందిన అంజూ బాబీ జార్జ్ లాంగ్‌జంప్ స్వర్ణం గెలుచుకుంది. చిక్కంతా ఆ పరుగు పందేల ట్రాక్‌తోనే వచ్చింది. ట్రాక్ చుట్టూ ఉండటంతో ప్రేక్షకుడికీ, ఫుట్‌బాల్ ఆటకూ మధ్య ఎడం పెరిగింది. 50 వేల సీట్లలో కొన్ని వేల మంది కూర్చుంటే స్టేడియం బోసిపోతుంది. చివరకు 2012లో యునైటెడ్ జట్టు నగరంలోనే మరోచోట, ట్రాక్ లేకుండా సుమారు 20 వేల సీట్లతో కట్టిన చిన్న స్టేడియానికి తరలిపోయింది. పెద్దది వదిలి చిన్నదానికి మారడం వింతగా కనిపించినా, ఆటకూ ఆదాయానికీ అదే మేలని తేలింది.

అయినా మున్‌హాక్ మూతపడలేదంటే పొరుగునే ఉన్న బేస్‌బాల్ మైదానమే కారణం. ఇదీ 2002లోనే ప్రారంభమైంది. సీట్లు సుమారు 23 వేలు. మన దగ్గర క్రికెట్ ఎంతో కొరియాలో బేస్‌బాల్ అంత. లీగ్‌లో ఒక్కో జట్టు ఏడాదికి 144 మ్యాచ్‌లు ఆడుతుంది. అందులో దాదాపు సగం సొంతగడ్డపైనే. అంటే వసంతం నుంచి శరత్తు వరకు సుమారు 70 రోజులు టికెట్లు, తినుబండారాలు, పార్కింగ్ రూపంలో డబ్బు వస్తూనే ఉంటుంది. ఎస్‌కే వైవర్న్స్ పేరుతో ఈ జట్టు 2007, 2008, 2010, 2018లలో విజేతగా నిలిచింది. 2012లో ఒక్క సీజన్‌లోనే ప్రేక్షకుల సంఖ్య 10 లక్షలు దాటింది. 2021లో షిన్‌సెగే వాణిజ్య సంస్థ జట్టును కొనుగోలు చేసి ‘ఎస్‌ఎస్‌జీ లాండర్స్’గా పేరు మార్చింది. 1950లో కొరియా యుద్ధ సమయాన ఇంచియాన్ తీరంలో సేనలు దిగిన ఘట్టాన్నీ, విమానాశ్రయాన్నీ గుర్తుచేసే పేరిది. మరుసటి ఏడాదే, అంటే 2022లో, ఆ జట్టు సీజన్ తొలిరోజు నుంచి చివరి వరకు అగ్రస్థానం వదలకుండా ట్రోఫీ గెలిచింది.

ప్రేక్షకులను రప్పించడానికి చేసిన ఏర్పాట్లు చూస్తే యాజమాన్యం తెలివి అర్థమవుతుంది. ఒకవైపు కుటుంబాలు చాప పరచుకుని కూర్చునే పచ్చిక వాలు, మరోవైపు మాంసం కాల్చుకుని తింటూ ఆట చూసే బల్లలు. 2016లో సుమారు 63 మీటర్ల వెడల్పు, 18 మీటర్ల ఎత్తు గల భారీ తెరను అమర్చారు. అప్పటికి బేస్‌బాల్ మైదానాల్లో ప్రపంచంలోనే పెద్దదిగా దాన్ని చెప్పుకొన్నారు. ఆట రానివారు కూడా ఒక సాయంత్రం గడిపి వెళ్లే చోటుగా దీన్ని మలిచారు.

ప్రాంగణంలో మూడోది ఈతకొలను. 2013లో ప్రారంభమైన దీనికి 2008 బీజింగ్ ఒలింపిక్స్ స్వర్ణ విజేత పార్క్ తే హ్వాన్ పేరు పెట్టారు. 2014 ఆసియా క్రీడల్లో అతను తన పేరున్న కొలనులోనే ఆరు పతకాలు గెలిచాడు. క్రీడలకు ముందు జరిపిన డోపింగ్ పరీక్షలో పట్టుబడటంతో ఆ ఆరింటినీ తర్వాత వెనక్కి తీసుకున్నారు. పేరు మాత్రం కొలనుకు అలాగే ఉండిపోయింది. భారత ఈతగాడు సందీప్ సెజ్వాల్ 50 మీటర్ల బ్రెస్ట్‌స్ట్రోక్‌లో కాంస్యం నెగ్గింది ఇక్కడే. పోటీలు లేని రోజుల్లో రుసుము చెల్లించి నగరవాసులు ఈత కొట్టవచ్చు.

ఉన్నది చాలదని...
ఆ ఆసియా క్రీడల ఆతిథ్యం కోసం 2007లో ఇంచియాన్ పోటీపడింది మన ఢిల్లీతోనే. కువైట్‌లో జరిగిన ఓటింగ్‌లో ఢిల్లీకి 13 ఓట్లు, ఇంచియాన్‌కు 32 ఓట్లు వచ్చాయి. గెలుపు సంబరం ముగిశాక అసలు తగవు మొదలైంది. ప్రధాన స్టేడియంగా మున్‌హాక్‌నే బాగు చేసి వాడుకోవాలని కేంద్ర ప్రభుత్వం సూచించింది. నగర పాలకులు మాత్రం కొత్తది కావాలని పట్టుబట్టారు. నగరం పశ్చిమ భాగం కూడా అభివృద్ధి చెందాలన్నది వారి వాదన. దాన్ని పూర్తిగా తోసిపుచ్చలేం. చివరకు దాదాపు 49 వేల కోట్ల వొన్‌ల ఖర్చుతో, సుమారు 60 వేల సీట్లతో ఆసియాడ్ ప్రధాన స్టేడియం లేచింది. పక్షం రోజుల పండుగ ముగిశాక సీట్లను దాదాపు సగానికి తగ్గించారు. ఆ ఆవరణలో సినిమా హాలు కూడా వెలిసింది.

బిల్లు మాత్రం నగరానికే మిగిలింది. ఆసియా క్రీడలకు, మెట్రో రెండో మార్గానికి చేసిన అప్పులు తోడై 2015 తొలినాళ్లలో ఇంచియాన్ రుణ నిష్పత్తి 39.9 శాతానికి చేరింది. 40 శాతం తాకితే ఆర్థిక సంక్షోభ నగరంగా పరిగణించే నిబంధన అక్కడుంది. గీతకు వెంట్రుకవాసిలో ఆగింది. ఆ ఆర్థిక ఇబ్బంది నుంచి నగరం బయటపడటానికి 2018 వరకు పట్టింది.

విశేషమేమిటంటే, 2014 క్రీడల ఫుట్‌బాల్ ఫైనల్ మున్‌హాక్‌లోనే జరిగింది. ఉత్తర, దక్షిణ కొరియాలు తలపడగా, అదనపు సమయం చివరి క్షణాల్లో గోల్ చేసి దక్షిణ కొరియా 28 ఏళ్ల తర్వాత స్వర్ణం అందుకుంది. అదే క్రీడల్లో నగరంలోని గ్యేయాంగ్ ప్రాంగణం మన తెలుగు క్రీడాకారిణులకు కలిసొచ్చింది. అక్కడ పీవీ సింధు సభ్యురాలిగా ఉన్న మహిళల బ్యాడ్మింటన్ జట్టు, విజయవాడ ఆర్చర్ జ్యోతి సురేఖ ఉన్న కాంపౌండ్ జట్టు కాంస్యాలు నెగ్గాయి. టెన్నిస్ మిక్స్‌డ్ డబుల్స్‌లో సానియా మీర్జాతో కలిసి సాకేత్ మైనేని స్వర్ణమే తెచ్చాడు.

మున్‌హాక్ ప్రధాన స్టేడియం తర్వాతి కాలంలో రకరకాల వేషాలు వేసింది. స్టాండ్ల కింద పెళ్లిళ్లు జరుపుకునే హాలు ఏర్పాటైంది. 2018 నవంబరులో ‘లీగ్ ఆఫ్ లెజెండ్స్’ అనే కంప్యూటర్ ఆట ప్రపంచ ఫైనల్‌ను చూడటానికి యువత ఇక్కడికి పోటెత్తింది. ఇన్ని చేసినా ఏడాది పొడవునా ప్రాంగణంలో సందడి నిలిపింది పక్కనున్న బేస్‌బాలే.

ఇప్పుడు ఆ ఆధారమే కదులుతోంది. లాండర్స్ యాజమాన్యం నగర పశ్చిమాన చొంగ్నా ప్రాంతంలో భారీ షాపింగ్ సముదాయంతో కలిపి పైకప్పు గల కొత్త స్టేడియాన్ని నిర్మిస్తోంది. 2028 సీజన్ నుంచి అక్కడే ఆడాలన్నది లక్ష్యం. వర్షం పడినా, ఎండ కాసినా ఆట ఆగదు కనుక జట్టుకు లాభమే. మున్‌హాక్‌కు మాత్రం ఏటా 70 రోజుల అతిథి దూరమవుతాడు. ఫుట్‌బాల్ జట్టు వెళ్లిన నాడు బేస్‌బాల్ ఉంది. బేస్‌బాల్ కూడా వెళితే ఈతకొలను, పెళ్లి హాలు, మెట్రో స్టేషన్ మిగులుతాయి. ఖాళీ అయ్యే మైదానాన్ని ఎవరికి, ఏ పనికి అప్పగించాలో నగర పాలకులు తేల్చాల్సి ఉంది.