పరదేశ ధనము - ప్రజాస్వామ్యము

1947 మార్చి 12 వ తేదీన అమెరికా అధ్యక్షుడు ట్రూమను తన దేశపు శాసనసభల సంయుక్త సమావేశమున నిలిచి, గ్రీసు తుర్కీ దేశములకు 40 కోట్ల డాలర్ల సాహాయ్యము మంజూరు చేయవలసినదిగా కోరెను. స్వేచ్ఛను కాపాడుకొనదలచిన జాతులకు తోడ్పడుట తమ విధి యని యాయన వాదించెను. అంతకు కొలది దినములకు ముందే, గ్రీసు భారమును తామిక మోయజాలమని బ్రిటిషువారు అమెరికాకు తెలియజేసియుండిరి. గ్రీసు ప్రభుత్వమే సాహాయ్యమును అర్థించినదను మాట సత్యమే. కాని యా ప్రభుత్వము అంతర్యుద్ధమున ఒక పక్షమను మాటయు సత్యమే.

పరదేశములలో ప్రజాస్వామ్యమును నిలుపుటకై ధనము వెచ్చించు పద్ధతి కిది తొలి ఉదాహరణములలో ముఖ్యమైనది. దీనివలన మేలు జరుగలేదని యనుట అన్యాయము. యుద్ధమున పాడైన రేవులు, రైలు మార్గములు బాగుపడినవి. పూడిపోయిన కొరింతు కాలువ మరల నావలకు దారి యిచ్చినది. ఆకలిగొన్నవారికి అన్నము దొరకినది. అన్నము పెట్టిన చేతిని నిందింపరాదు. అయితే ఆ చెయ్యి అన్నముతో ఆగినదా యనునదే ప్రశ్న.

మన పల్లెలలో పంట పూచీమీద అప్పిచ్చిన షాహుకారు, మరుసటి యేట ఏ చేనిలో ఏ పైరు వేయవలెనో కూడ తానే చెప్పుట పాఠకు లెరుగనిది కాదు. గ్రీసులోను అట్లే జరిగినది. 1952 మార్చిలో ఏథెన్సులోని అమెరికా రాయబారి ప్యూరిఫాయ్, ఎన్నికలలో దామాషా పద్ధతి మరల వచ్చినచో తమ సాహాయ్యము సద్వినియోగము కాజాలదని బహిరంగముగా ప్రకటించెను. ఒక దేశపు ఎన్నికల శాసన మెట్లుండవలెనో పరదేశపు రాయబారి పత్రికాముఖమున చెప్పుటకంటె విపరీత మేమున్నది? గ్రీకులు ఆగ్రహించిరి, అయినను శాసనము మారెను. ఆ సంవత్సరము నవంబరులో సేనాని పాపగోస్ పక్షమునకు నూటికి 49 వోట్లు వచ్చినవి. 300 స్థానములలో 247 దక్కినవి. ఆ రాయబారియే తరువాత గ్వాటెమాలాకు బదిలీ యయ్యెను. 1954 లో అచ్చటి ప్రజాప్రభుత్వము కూలినప్పు డాయన యచ్చటనే యుండెను.

గ్రీసులో 1967 ఏప్రిల్ 21 వ తేదీ తెల్లవారుజామున కొందరు కర్నళ్లు ప్రభుత్వమును హస్తగతము చేసికొనిరి. వారి సైన్యము అమెరికా ఆయుధములతోను, అమెరికా శిక్షణతోను పెరిగినదే. వాషింగ్టను కొంతకాలము భారీ ఆయుధములను ఆపినట్లు చేసి, 1970 లో మరల విడుదల చేసెను. 1974 నవంబరు వరకు గ్రీకులకు ఎన్నికలు లేవు. 1999 నవంబరులో అధ్యక్షుడు క్లింటను ఏథెన్సుకు వచ్చి, తమ దేశము ప్రజాస్వామ్యమునెడల తన కర్తవ్యమును వెనుకకు నెట్టినదని యొప్పుకొనెను. ఒప్పుకొనుట గొప్పతనమే, కాని యిరువదియైదేండ్లు ఆలస్యమైనది.

1961 లో స్థాపింపబడి ప్రపంచమంతట సాహాయ్యము పంచిన అమెరికా సంస్థ యుఎస్ఎయిడ్ 2025 జూలై 1 న తన కార్యక్రమములను చాలించెను. కొందరు సంతసించిరి. దానితో మందులు ఆగిపోయిన రోగులను తలచుకొన్నవారు మాత్రము సంతసింపజాలరు.

దీనికి భిన్నమైన సాహాయ్య మొకటి మన చరిత్రలో నున్నది. 1953 లో సూడాను దేశమున తొలి పార్లమెంటు ఎన్నికలు జరుపుటకు ఏర్పడిన సంఘమునకు, మన ప్రథమ ప్రధాన ఎన్నికల కమీషనరు సుకుమార్ సేన్ అధ్యక్షత వహించెను. అంతకు ముందేడాదికే ఆయన మన తొలి సాధారణ ఎన్నికలను ముగించియుండెను. సూడానుకు ఆయన కొనిపోయినది అనుభవము. ఆ సంఘములో ముగ్గురు సూడానీయులతోపాటు ఇంగ్లీషువాడు, ఈజిప్టువాడు, అమెరికావాడును ఉండిరి. ఒకరి యెత్తు మరియొకరికి తెలియుచుండెను. ఎన్నికైన సభ 1956 జనవరి 1 న స్వాతంత్ర్యమును చూచెను. 1958 లో సైన్యము దానిని మింగివేసిన మాటను దాచనక్కరలేదు. మంచి ఎన్నిక చేయించుట వేరు, దానిని నిలుపుకొనుట వేరు. రెండవది పరులు చేయలేని పని.

ఇప్పుడు మనమును దాతలమే. 2005 లో ఐక్యరాజ్యసమితి ప్రజాస్వామ్య నిధికి మన ప్రభుత్వము కోటి డాలర్లు ప్రకటించినది. ఆ సొమ్ము ఎవరి చేతికి, ఎవరు అడుగగా పోవుచున్నదో పన్ను చెల్లించు ప్రతి రైతునకు, వర్తకునకు అడుగు హక్కున్నది. మన యింట మనము పెట్టుకొన్న కట్టుబాటు కఠినమైనది: 1976 నాటి విదేశీ విరాళముల శాసనము ఎన్నికల అభ్యర్థులకును, రాజకీయ పక్షములకును పరదేశ ధనమును నిషేధించినది. పత్రికా సంపాదకులకును నిషేధమే. మేము దానిని గూర్చి ఎన్నడును నొచ్చుకొనలేదు. 2014 లో ఢిల్లీ హైకోర్టు, దేశమునందలి రెండు పెద్ద పక్షములును ఆ శాసనమును ఉల్లంఘించినవని తీర్పు చెప్పెను. నాలుగేండ్లకు, అనగా 2018 లో, విదేశీ సంస్థ యను పదమునకు సడలించిన అర్థము 1976 ఆగస్టు 5 నుండియే వర్తించునట్లు ద్రవ్యశాసనములో ఒక సవరణ చేర్పబడినది. లోకసభలో దానిపై చర్చయే జరుగలేదు.