మల్లమ్మ కొండ మీద పూలకాలం

మా ఐరాల సీమలో వసంతం పంచాంగం చూచి రాదు. మామిడి పూత చూచి వస్తుంది. పుష్యమాసంలోనే తోటలు పూత పట్టి, మాఘానికి దారులన్నీ తియ్యని వాసన వేస్తవి. పూత మీదనే బేరగాండ్లు తోటలకు వెల కడతారు. ఈ ఏడు మా నాలుగెకరాల పూతకు తేనెమంచు తగిలింది. ఆ పురుగు పూగుత్తి రసం పీల్చి జిగురు వదులుతుంది. జిగురు మీద నల్లని బూజు పడుతుంది. ఇక ఆ గుత్తి మసిబారిన వత్తే. అసలే గుత్తికి వందల పూలుంటే కాయగా నిలిచేవి ఒకటో రెండో. వచ్చిన బేరగాడు చెట్టు కింద నిలబడి పైకి చూచి పోయినవాడు మళ్ళీ రాలేదు. ఆ డబ్బుతోనే తమ్ముడు అప్పు తీర్చవలసి వున్నది.

అమ్మ దిగులు చూడలేక, ఫాల్గుణం చివర ఆమెను హార్స్‌లీ కొండకు తీసుకుపోయాను. మదనపల్లె దాటి, మలుపులు తిరుగుతూ సుమారు 4,100 అడుగుల ఎత్తుకు ఎక్కాలి. దీని పాత పేరు ఏనుగు మల్లమ్మ కొండ. ఏనుగులు సాకిన పిల్ల కథ ఇక్కడివారు ఇంకా చెప్పుకుంటారు. మదనపల్లె అప్పుడు కడప జిల్లాలోది. చిత్తూరు జిల్లా పుట్టిందే 1911లో గదా! కడప కలెక్టరు డబ్ల్యు. డి. హార్స్‌లీ, ఎండలకు తాళలేక, 1870 ప్రాంతంలో ఇక్కడ బంగళా కట్టించుకున్నాడు. ఆ చుట్టూ దేశదేశాల చెట్లు చేరినవి. ఆస్ట్రేలియా నుండి వచ్చిన నీలగిరి చెట్లలో, 1859లో నాటిందని చెప్పే ముసలిదానికి ‘కల్యాణి’ అని ముద్దుపేరు. మడగాస్కరు తురాయి వైశాఖానికి గాని ఎర్రబడదు. మేము పోయిన వేళ దక్షిణ అమెరికా జకరండాది. ఆకు రాల్చిన కొమ్మల నిండా ఊదారంగు గంటలు. రాలినవాటిని తొక్కకుండా నడవటమే కష్టం.

తోతాపురి మామిడికి కలెక్టరు కాయ అని కూడా పేరున్నది. “కలెక్టరు తోటలోంచి కలెక్టరు తోటకే వచ్చామమ్మా” అని నవ్వాను. అమ్మ నవ్వలేదు.

“ఇంత పూత పూసిండాదే, కాయ కాస్తాదా నాయనా?”

“కాస్తుందమ్మా, చెక్కబిళ్ళ లాంటి కాయ. తినేది కాదు, అమ్మేది కాదు.”

“మరి యాల నాటినారు?”

“చూసేదానికే.”

అమ్మ చాలాసేపు పైకి చూస్తూ నిలబడింది. తరువాత వంగి, రాలిన పువ్వొకటి తీసి, గంట లోపల వేలుపెట్టి తిప్పి చూచింది. వేలికి నలుపు అంటలేదు. కొంగు పట్టి మరికొన్ని ఏరుకున్నది.