కుడిచెయ్యి పడిపోతే మాట ఎందుకు పోతుంది?

పక్షవాతం వచ్చినవాళ్లను చూసి వచ్చిన బంధువులు తరచూ అడిగే ప్రశ్న ఇది. ఎడమ పక్క పడిపోయినవాళ్లు చాలామంది మాట్లాడుతూనే ఉంటారు. కుడి పక్క పడిపోయినవాళ్లలో చాలామందికి మాట కూడా పోతుంది. చేతికీ మాటకీ ఏమిటి సంబంధం? నిజానికి దెబ్బ చేతికీ తగల్లేదు, నాలుకకీ తగల్లేదు. మెదడులో ఎడమ పక్కన ఒక చోట తగిలింది.

పెద్ద మెదడు రెండు సగాలుగా ఉంటుంది. కదలమని ఆజ్ఞలు తెచ్చే నాడీ తంతువులు పైనుంచి దిగుతూ మజ్జాముఖం దగ్గర, అంటే మెదడు వెన్నుపాముతో కలిసేచోట, చాలావరకు అవతలి పక్కకు దాటిపోతాయి. అందుకే ఎడమ మెదడు కుడిచేతిని ఆడిస్తుంది, కుడి మెదడు ఎడమచేతిని.

ఇక ఆ ఆజ్ఞలు పుట్టే చోటు. ఒక చెవి పైనుంచి నడినెత్తి మీదుగా రెండో చెవి పైదాకా ఒక పట్టీ ఊహించుకోండి. ఆ పట్టీ మీద శరీరం తలకిందులుగా ఉంటుంది. కాలు నడినెత్తి దగ్గర, రెండు సగాల మధ్య లోపలి గోడ మీద. దానికి దిగువన చెయ్యి, ఇంకా కిందికి ముఖం, పెదవులు, నాలుక. మాంట్రియల్‌లో పెన్‌ఫీల్డ్ అనే శస్త్రవైద్యుడు మెలకువగా ఉన్న రోగుల మెదడును సన్నని విద్యుత్తుతో తాకుతూ ఈ పటం తయారుచేసి, 1937లో బోల్డ్రేతో కలిసి ప్రచురించాడు. మెదడుకు తనదంటూ నొప్పి తెలియదు కాబట్టి అది సాధ్యమైంది. ఆ పటంలో వీపుకు దక్కిన చోటు కాస్తే. వేళ్లకూ పెదవులకూ నాలుకకూ చాలా ఎక్కువ. ఎంత పెద్ద అవయవం అన్నది కాదు లెక్క, ఎంత నాజూకైన పని చేస్తుందన్నదే.

ఆ పట్టీలో నాలుక భాగానికి సరిగ్గా ముందు, ఎడమ పక్కన, మాటల్ని కూర్చే చోటు ఉంది. దాన్ని బ్రోకా ప్రాంతం అంటారు. పారిస్ పక్కనున్న బిసెత్ర్ ఆసుపత్రిలో లెబోర్న్య్ అనే రోగి ఏళ్ల తరబడి ఉన్నాడు. ఏమడిగినా ‘టాన్, టాన్’ అనేవాడు. అంతకుమించి ఒక్క మాట పలకడం అరుదు. కానీ చెప్పింది చాలావరకు అర్థమయ్యేది. తర్వాత అతని కుడిచెయ్యి, కుడికాలు కూడా పడిపోయాయి. 1861లో అతను చనిపోయాక పాల్ బ్రోకా మెదడు తీసి చూస్తే, ఎడమ పక్క నుదుటి వెనక భాగం దెబ్బతిని కనిపించింది. ఎదుటివారి మాట అర్థం చేసుకునే చోటు ఇంకా వెనక, ఎడమ చెవికి పైన ఉందని 1874లో వెర్నికె చెప్పాడు. కుడిచేతి వాటం వాళ్లలో సుమారు 95 శాతం మందికి భాష ఎడమ మెదడులోనే ఉంటుంది. ఎడమచేతి వాటం వాళ్లలోనూ ఎక్కువమందికి అంతే.

అయితే ఇవన్నీ ఒకేసారి ఎందుకు దెబ్బతింటాయి? ఒక కాలువ కింద వరి, చెరకు, పసుపు వేసిన పొలాలున్నాయనుకోండి. కాలువ తెగితే పైరేదని చూడకుండా అన్నీ ఎండుతాయి. చెయ్యి, ముఖం, బ్రోకా, వెర్నికె ప్రాంతాలు నాలుగింటికీ రక్తం తెచ్చేది ఒకే ధమని, మధ్య మస్తిష్క ధమని. దాని మొదట్లో రక్తపు గడ్డ అడ్డుపడితే నాలుగూ పోవచ్చు. ఏదో ఒక కొమ్మ మూసుకుంటే ఒకటో రెండో పోతాయి. కాలి భాగానికి రక్తం వేరే ధమని నుంచి వస్తుంది. కాబట్టే చాలామంది కాలీడ్చుకుంటూనైనా నడిచేస్తారు గానీ, చొక్కా బొత్తాం పెట్టుకోలేరు.

మెదడు బరువు ఒంటి బరువులో రెండు శాతమే అయినా ఆక్సిజన్ ఇరవై శాతం వాడుకుంటుంది. దాచుకునే వీలు లేదు. అందుకే గడ్డను కరిగించే ఇంజెక్షన్‌ను మామూలుగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. అది కూడా స్కాన్ తీసి, నాళం మూసుకుపోయిందో చిట్లిందో తేల్చుకున్నాకే. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. పసరు మందు కోసం ఊరు దాటి వెళ్లే దారిలో ఆ గంటలు కరిగిపోతుంటే బాధేస్తుంది. మూతి వంకరపోయినా, మాట తడబడినా, చెయ్యి జారిపోయినా ముందు 108కి ఫోన్ చెయ్యాలి.

దెబ్బ కుడి మెదడుకు తగిలితే సాధారణంగా మాట ఉంటుంది, కానీ కొందరికి ఎడమ పక్క ప్రపంచమే లేకుండా పోతుంది. కళ్లు బాగానే ఉన్నా కంచంలో కుడి సగం అన్నమే తింటారు, గడ్డం ఒక పక్కే గీసుకుంటారు. పడిపోయిన ఎడమచెయ్యి బాగానే ఉందని వాదించేవాళ్లూ ఉంటారు. అది మొండితనం కాదు. తలకు వెనక అడుగున ఉండే చిన్న మెదడు దెబ్బతింటే చేతుల్లో బలం ఉంటుంది గానీ అడుగు తూలుతుంది, గురి తప్పుతుంది. తాగాడేమో అనుకుని వదిలేసే ప్రమాదం అక్కడుంది.

నన్ను ఎక్కువ కలచివేసేది మాట పోయినవాళ్లతో మనం మాట్లాడే తీరు. బ్రోకా ప్రాంతం దెబ్బతిన్న మనిషికి బుద్ధి పోలేదు. కొడుకు అప్పు సంగతి, కూతురి పెళ్లి మాట పక్కన కూర్చుని చెప్పుకుంటుంటే చాలావరకు తెలుస్తూనే ఉంటుంది. నోట్లోంచి రాదంతే. చిన్నపిల్లాడితో అన్నట్టు గట్టిగా అరవక్కర్లేదు. టీవీ ఆపి, ఎదురుగా కూర్చుని, అవును కాదు అనగలిగే ప్రశ్న ఒక్కటి అడిగి, జవాబుకి ఆగాలి. వెర్నికె ప్రాంతం దెబ్బతిన్నవాళ్లది వేరే తీరు. ధారాళంగా మాట్లాడతారు, అర్థం ఉండదు. వాళ్లకు మతి చలించిందనుకుంటారు. అదీ భాషకు తగిలిన దెబ్బే.

హైదరాబాద్ నిమ్స్ రోగుల మీద సువర్ణ అల్లాడి బృందం 2016లో ప్రచురించిన పరిశోధన ఇక్కడ గుర్తుచేసుకోదగ్గది. పక్షవాతం వచ్చిన 608 మందిలో, రెండు లేక అంతకంటే ఎక్కువ భాషలు వచ్చినవాళ్లలో సుమారు 40 శాతం మందికి ఆలోచనాశక్తి చెక్కుచెదరలేదు. ఒక్క భాషే వచ్చినవాళ్లలో అలాంటివాళ్లు 20 శాతమే. మాట పోవడం మాత్రం ఇద్దరిలోనూ దాదాపు సమానం.

తన పేరే చెప్పలేని మనిషి పాత పాట అందుకుంటే పదాలతో సహా పాడేస్తుంటాడు. వారాల పేర్లు గడగడా చెబుతాడు. ఇంట్లోవాళ్లు ఆశ్చర్యపోతారు, కొందరు నటన అని కూడా అనుమానిస్తారు. పాటకూ అలవాటైన వరసకూ కుడి మెదడు సాయం ఉంటుంది, అది బాగానే ఉంది కదా! దీన్ని ఆసరా చేసుకునే 1973లో బోస్టన్‌లో రాగం తీస్తూ మాట పలికించే చికిత్సను ప్రకటించారు. ‘నీళ్లు కావాలి’ అన్నదాన్ని ఎడమచేత్తో తాళం వేయిస్తూ సాగదీసి పలికిస్తారు, తర్వాత మెల్లగా రాగం తగ్గిస్తారు. మొదటి మూడు నెలల్లో కోలుకోవడం వేగంగా ఉంటుంది, ఆపైన నెమ్మదిస్తుందే గానీ ఆగిపోదు. ఏడాది దాటాక కూడా కొత్త మాటలు పలికేవాళ్లుంటారు కాబట్టి, రావడం లేదని మధ్యలో స్పీచ్ థెరపీ మాన్పించకండి.